సప్లిమెంటరీ కూడా తప్పినప్పుడు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: మా అబ్బాయి హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో ఎంపీసీ చదివాడు. మార్చి పరీక్షల్లో గణితం 1బి, 2ఎ, 2బి తప్పాడు. అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీలో ఆ మూడూ మళ్లీ రాశాడు కానీ ఒక్కటీ గట్టెక్కలేదు. మిగిలినవన్నీ పాసయ్యాడు. రెండేళ్లకూ ప్రాక్టికల్స్‌తో కలిపి ఫిజిక్స్‌లో 74, కెమిస్ట్రీలో 79, గణితం 1ఎలో 28 మార్కులు వచ్చాయి. మళ్లీ ఏడాది ఫీజు కట్టి హాస్టల్‌లో ఉంచితే పాస్ చేయిస్తామని కళాశాల వారు అంటున్నారు. మా బావమరిది ఇళ్లకు వైరింగ్ పనులు చేస్తాడు, వేసవిలో మా వాడు ఆయన వెంట పనికి వెళ్లాడు, ఇప్పుడు పూర్తిగా తన దగ్గరే పెట్టుకుంటానని ఆయన అంటున్నాడు. తెలిసినవారొకరు వేరే రాష్ట్రం బోర్డు నుంచి నెల రోజుల్లో ఇంటర్ సర్టిఫికెట్ తెప్పిస్తామంటున్నారు. ఫలితాలు వచ్చినప్పటి నుంచి మా వాడు గదిలోంచి బయటికి రావడం లేదు. మేము బీసీలం. వాడిని బీటెక్ చదివించాలన్నది మా కోరిక. ఏం చేయమంటారు?
— ఒక తండ్రి, నల్గొండ జిల్లా

సమాధానం: మీరు చెప్పిన మూడు దారుల్లో చివరిదానికి ముందు జవాబు చెబుతాను. నెల రోజుల్లో సర్టిఫికెట్ తెప్పిస్తామన్న వారికి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. ఉన్న బోర్డుల పేర్లను పోలిన పేర్లతో నడిచే నకిలీ బోర్డులు దేశంలో చాలా ఉన్నాయి, వాటి పత్రం డిగ్రీలో చేరినప్పుడు బయటపడకపోయినా, ఉద్యోగం వచ్చాక ధ్రువపత్రాల పరిశీలనలో తప్పకుండా బయటపడుతుంది. అప్పుడు పోయేది డబ్బు మాత్రమే కాదు, ఆ ఉద్యోగమూ పోతుంది, కేసు కూడా మెడకు చుట్టుకుంటుంది. అడ్డదారి తొక్కవలసినంత కష్టం మీ అబ్బాయికి రాలేదు. అతనికి మిగిలింది ఒకే సబ్జెక్టులో మూడు పేపర్లు.

నేను చెప్పబోయే దానికి మూలం ఈ లెక్కే. చాలా ఇళ్లలో ఇంటర్ తప్పడమంటే రెండేళ్ల చదువు మొత్తం గంగలో కలిసినట్లు భావిస్తారు. నిజానికి పాసైన పేపర్లు పాసైనట్లే ఉంటాయి, ప్రాక్టికల్స్ మార్కులూ నిలిచి ఉంటాయి, కళాశాలకు వెళ్లకుండానే వచ్చే మార్చిలో తప్పిన పేపర్లు మాత్రమే రాయవచ్చు. అన్నిటికీ మించి, పదో తరగతి సర్టిఫికెట్ చెక్కుచెదరకుండా ఉంది, దాని మీద మొదలయ్యే చదువులు, కొలువులు మన దగ్గర చాలానే ఉన్నాయి. కాబట్టి మూడు పేపర్లు పూర్తి చేయడం ఒక పని, ఈ ఏడాదిని అబ్బాయి ఎలా గడపాలన్నది మరో పని. ఈ రెంటినీ కలిపి ముడివేసి, మొదటిది అయ్యేదాకా రెండోదాన్ని ఆపి ఉంచడం వల్లనే పిల్లలు ఇంట్లో ఖాళీగా కూర్చుని కుంగిపోతున్నారు.

ఇక బీటెక్ సంగతి. తెలంగాణలో బీటెక్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ ర్యాంకుకు ఇంటర్ మార్కుల వెయిటేజీ ఇప్పుడు లేదు, ఆంధ్రప్రదేశ్‌లో 25 శాతం ఉంది. అయితే ర్యాంకు ఎంత వచ్చినా, కౌన్సెలింగ్‌లో సీటుకు గ్రూపు సబ్జెక్టుల్లో జనరల్ అభ్యర్థులకు 45 శాతం, రిజర్వేషన్ ఉన్నవారికి 40 శాతం మార్కులు ఉండాలి. మీ అబ్బాయి చదివిన పద్ధతిలో గణితం నాలుగు పేపర్లకు 300, ఫిజిక్స్‌కు 150, కెమిస్ట్రీకి 150, మొత్తం 600 మార్కులు. అందులో 40 శాతమంటే 240. మిగిలిన మూడు పేపర్లలో సరిగ్గా పాస్ మార్కు 26 చొప్పున మాత్రమే తెచ్చుకున్నాడనుకున్నా 78 అవుతాయి, ఇప్పటికే ఉన్న 181తో కలిపితే 259. అంటే బీసీగా అతనికి అర్హత ఉంటుంది. అదే రిజర్వేషన్ లేని కుటుంబమైతే 270 కావాలి కనుక, పాసైనా సీటుకు పనికిరాని పరిస్థితి వచ్చేది. ఈ లెక్క ఎవరూ ముందుగా చెప్పకపోవడం వల్ల, కష్టపడి పాసయ్యాక కౌన్సెలింగ్ కేంద్రంలో వెనుదిరిగిన పిల్లలు ఉన్నారు. ఈ ఏడాది రాసిన ప్రవేశ పరీక్ష ర్యాంకు వచ్చే ఏడాదికి చెల్లదు, బీటెక్ కావాలంటే ఈఏపీసెట్ మళ్లీ రాయవలసిందేనని కూడా గుర్తుంచుకోండి.

అర్హత ఉంది కదా అని బీటెక్‌కే మొగ్గవలసిన అవసరం లేదు. మొదటి ఏడాదిలోనే ఇంజినీరింగ్ గణితం ఎదురవుతుంది. ఇంటర్ గణితంలో మూడు పేపర్లు రెండేసి సార్లు తప్పిన అబ్బాయికి అది కొండంత భారమవుతుందో కాదో మీ కోరికను బట్టి కాక, అతను ఎందుకు తప్పాడన్న దాన్ని బట్టి తేల్చాలి. ఒకవేళ 15, 18 దగ్గర ఆగిపోతుంటే లోపం ఇంటర్‌లో కాదు, తొమ్మిది, పది తరగతుల బీజగణితంలో ఉందని అర్థం. పేపర్ పేపర్‌కూ 22, 24 వచ్చి ఆగిపోతే మాత్రం అది కేవలం సాధన కొరత. మార్కుల మెమోలో ఈ సంఖ్యలు చూడకుండా ఏ నిర్ణయమూ తీసుకోకండి. రెండో రకమైతే, రీకౌంటింగ్‌కు, జవాబుపత్రం నకలుతో కూడిన రీవెరిఫికేషన్‌కు బోర్డు ఇచ్చే గడువు ఇంకా ఉందేమో ముందు చూడండి. ఫలితాల తర్వాత కొద్ది రోజులే ఆ అవకాశం ఉంటుంది. మార్కులు పెరగకపోయినా, తన జవాబుపత్రాన్ని తాను చూసుకుంటే ఎక్కడ దెబ్బతింటున్నాడో అబ్బాయికి స్పష్టంగా తెలుస్తుంది.

గణితంలో 75కి 26 తెచ్చుకోవడం అసాధ్యమైన పని కాదని అతనికి కాగితం మీద చూపించాలి. ప్రతి పేపర్‌లో రెండేసి మార్కుల ప్రశ్నలు పది, నాలుగేసి మార్కుల ప్రశ్నలు ఏడింటిలో ఐదు, ఏడేసి మార్కుల ప్రశ్నలు ఏడింటిలో ఐదు రాయాలి. 2ఎలో విస్తరణ కొలతల నుంచి ఒక ఏడు మార్కుల ప్రశ్న, యాదృచ్ఛిక చలరాశుల నుంచి మరొకటి, పాక్షిక భిన్నాల నుంచి నాలుగు మార్కుల ప్రశ్న వస్తాయి. ఈ మూడు అధ్యాయాలు దిట్టంగా వస్తే 18 మార్కులు. రెండు మార్కుల ప్రశ్నల్లో ఐదు సరిగ్గా రాస్తే 28 వచ్చినట్లే. 1బిలో సరళరేఖాయుగ్మాలు, 2బిలో వృత్తాలు రెండేసి పెద్ద ప్రశ్నలు ఇచ్చే అధ్యాయాలు. అన్ని అధ్యాయాలనూ పైపైన తడిమి పరీక్షకు వెళ్లే పిల్లవాడి కంటే, ఆరేడు అధ్యాయాలను గట్టిగా పట్టుకున్న పిల్లవాడే పాసవుతాడు. దీనికి హాస్టల్, తెల్లవారుజామున స్టడీ అవర్లు, ఏడాది ఫీజు అక్కర్లేదు. మీ ఊళ్లోనో మండల కేంద్రంలోనో ఓపికగల లెక్కల మాస్టారు రోజుకు ఒక గంట చెబితే చాలు. కళాశాలల రిపీటర్ బ్యాచ్‌లపై నాకు సదభిప్రాయం లేదు. ఏ పద్ధతిలో చదివి తప్పాడో, అదే పద్ధతిని అదే గదిలో మళ్లీ కొనుక్కోవడం అది.

కళాశాలతో మీకు ఒక అవసరం మాత్రం ఉంటుంది. మార్చి పరీక్షల ఫీజు గడువును బోర్డు సాధారణంగా అక్టోబరు, నవంబరు నెలల్లో ప్రకటిస్తుంది. తప్పిన విద్యార్థులు కూడా తాము చదివిన కళాశాల ద్వారానే ఆ ఫీజు కట్టాలి. రెగ్యులర్ విద్యార్థులకు తరగతిలో చెబుతారు, ఇంట్లో ఉన్నవారికి ఎవరూ ఫోన్ చేసి చెప్పరు. ఈ ఒక్క తేదీ తెలియక ఏడాది పోగొట్టుకున్నవారు పరీక్షలో తప్పి పోగొట్టుకున్నవారికంటే ఎక్కువగా నాకు ఉత్తరాలు రాస్తుంటారు. దసరా నుంచే వారానికోసారి కనుక్కుంటూ ఉండండి.

ఇప్పుడు ఈ ఏడాదిని ఎలా గడపాలన్న విషయం. పాలిటెక్నిక్ పదో తరగతి అర్హతతోనే చేరే మూడేళ్ల చదువు, అది పూర్తయ్యాక ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. కానీ పాలిసెట్ వేసవిలోనే అయిపోతుంది, ఇప్పుడు మిగిలేది స్పాట్ అడ్మిషన్ల సీట్లే. పైగా లెక్కల నుంచి తప్పించుకోవడానికి పాలిటెక్నిక్‌లో చేరడమంటే పెనం మీద నుంచి పొయ్యిలో పడ్డట్లే, అక్కడా మొదటి ఏడాది నుంచే గణితం ఉంటుంది. మీ అబ్బాయి విషయంలో నాకు ఐటీఐ ఎలక్ట్రీషియన్ ట్రేడు ఎక్కువగా నచ్చుతోంది, ఎందుకంటే అతను వేసవిలో వైరింగ్ పనికి వెళ్లాడని మీరే రాశారు. ఈ ట్రేడు రెండేళ్లు, పదో తరగతి మార్కులను బట్టి ప్రవేశం ఇస్తారు, కౌన్సెలింగ్ విడతలవారీగా సాగుతుంది కనుక ఇంకా అవకాశం ఉంటుంది. తెలంగాణలో 65 ప్రభుత్వ ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పనిని టాటా టెక్నాలజీస్ భాగస్వామ్యంతో చేపట్టారు, దగ్గర్లో అలాంటిది ఉంటే ముందు దాన్ని చూడండి.

బావమరిది దగ్గర పని నేర్చుకోవడం మంచిదే. కానీ ఆయన చేతికింద పదేళ్లు పనిచేసినా కాగితం రాదు. విద్యుత్ పంపిణీ సంస్థల్లో జూనియర్ లైన్‌మన్ ఉద్యోగానికి పదో తరగతితో పాటు ఎలక్ట్రికల్ లేదా వైర్‌మన్ ఐటీఐ గానీ, ఎలక్ట్రికల్ ఒకేషనల్ ఇంటర్ గానీ అడుగుతారు, స్తంభం ఎక్కే పరీక్ష కూడా ఉంటుంది. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్, టెక్నీషియన్ పోస్టులకు పదో తరగతి, ఐటీఐ ఉన్నవారు పోటీపడవచ్చు. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద రైల్వేలు, ఆర్టీసీ, పెద్ద పరిశ్రమలు ఐటీఐ వారిని స్టైపెండ్ ఇచ్చి తీసుకుంటాయి. తర్వాత పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో చేరాలనుకుంటే తెలంగాణలో ఎల్‌పీసెట్ అనే ప్రవేశ పరీక్ష ఉంది. ఐటీఐ చదువుతూనే మార్చిలో మూడు పేపర్లు రాయడానికి అడ్డేమీ లేదు, సెలవు రోజుల్లో మేనమామ వెంట వెళ్లవచ్చు. చేరేటప్పుడు టీసీ, పదో తరగతి మెమో అసలు ప్రతులు కావాలి, కళాశాల బకాయి పేరుతో వాటిని ఆపుతుంటే జిల్లా ఇంటర్మీడియట్ విద్యాధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి.

లెక్కలంటేనే అతనికి భయం పట్టుకుంటే మరో మార్గం ఉంది. జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ, అంటే ఎన్‌ఐఓఎస్, సీనియర్ సెకండరీలో కనీసం ఐదు సబ్జెక్టులు పాసవ్వాలంటుంది, అందులో ఒకటైనా భాష ఉండాలి. మునుపటి బోర్డులో పాసైన రెండు సబ్జెక్టుల వరకు మార్కులు బదిలీ చేసుకోవచ్చు, పాస్ మార్కు 33 శాతం. గణితం లేకుండానే ఇంటర్ సమాన అర్హత వస్తుంది, డిగ్రీకి అది చాలు, బీటెక్‌కు పనికిరాదు. అయితే అక్కడ కొత్తగా మూడు సబ్జెక్టులు చదివి రాయాలి. మూడు పేపర్లు మిగిలిన అబ్బాయికి ఇందులో పెద్ద లాభం లేదు, ఏడెనిమిది పేపర్లు మిగిలినవారికి మాత్రం ఉంది.

అతను గదిలోంచి రావడం లేదని రాశారు. ఇది చదువు సంగతి తర్వాత చూసుకోవలసిన విషయం కాదు. ఇంట్లో మార్కుల ప్రస్తావన కొన్నాళ్లు మానండి, బంధువులు అడిగితే మీరే జవాబు చెప్పండి, అతన్ని ముందుకు తోయకండి. తిండి, నిద్ర తగ్గినా, చావు మాటలు మాట్లాడినా ఒంటరిగా వదలవద్దు, వెంటనే వైద్యుడికి చూపించండి. కేంద్ర ప్రభుత్వం నడిపే టెలిమానస్ సేవకు 14416 నంబరులో రాత్రీ పగలూ ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. అతను చేయకపోతే మీరైనా చేయండి. ఐటీఐ గురించి ఈ పత్రిక చూపించి ఒప్పించే ప్రయత్నం చేయకుండా, దగ్గర్లోని ఐటీఐ వర్క్‌షాపుకు అతని మేనమామతో పంపి చూపించండి.

ప్రశ్న: నేను బైపీసీ రెండో ఏడాది ఫిజిక్స్, జువాలజీ తప్పాను, సప్లిమెంటరీలోనూ రాలేదు. నాకు 17 ఏళ్లు నిండాయి. నర్సు కావాలని ఉంది. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. ఇంటర్ లేకుండా నర్సింగ్‌లో చేరవచ్చా?
— ఒక విద్యార్థిని, ప్రకాశం జిల్లా

సమాధానం: చేరలేరు. మూడేళ్ల జీఎన్‌ఎం (జనరల్ నర్సింగ్, మిడ్‌వైఫరీ) కోర్సుకు ఇంటర్ పాసై ఉండాలి, అయితే ఏ గ్రూపైనా ఫర్వాలేదు. మొత్తం మార్కుల్లోనూ ఇంగ్లిష్‌లోనూ 40 శాతం చొప్పున ఉంటే చాలు. ఇంటర్ లేకుండానే నర్సింగ్ అని బోర్డు పెట్టిన శిక్షణ కేంద్రాలు ఇచ్చే పత్రంతో నర్సింగ్ కౌన్సిల్‌లో నమోదు కాదు, నమోదు కాకుండా నర్సు కాలేరు. కనుక మీకు మిగిలిన రెండు పేపర్లను మార్చిలో రాయడమే దగ్గరి దారి. రెండు పేపర్ల కోసం ఓపెన్ స్కూల్‌కు వెళ్లనవసరం లేదు. ఇంగ్లిష్ మార్కులు ఒకసారి చూసుకోండి.

ఈలోగా ఇంట్లో ఖాళీగా ఉండకపోవడం మీ విషయంలో చాలా ముఖ్యం, ఎందుకంటే పల్లెల్లో ఖాళీగా ఉన్న ఆడపిల్లకు పెళ్లే పని అన్న ఆలోచన ఇంకా పోలేదు. గ్రామీణ పేద కుటుంబాల యువతకు దీనదయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన కింద 15 ఏళ్లు నిండినవారికి ఉచిత శిక్షణ ఉంది, ఆసుపత్రి సహాయకుల కోర్సు దొరికితే చేరండి. అది నర్సు చదువు కాదు, జీతమూ తక్కువే. కానీ ఆసుపత్రి వాతావరణం మీకు నిజంగా సరిపడుతుందో లేదో తెలుస్తుంది, ఇంట్లో వారికి మీరు ఒక దారిలో ఉన్నట్లు కనిపిస్తుంది.

పెళ్లి సంగతి స్పష్టంగా చెప్పాలి. 18 నిండకుండా మీకు పెళ్లి చేయడం 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం ప్రకారం నేరం, చేసినవారితో పాటు దగ్గరుండి జరిపించినవారూ శిక్షార్హులే. మాటలతో ఆగకపోతే బాలల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయండి, లేదా ఊళ్లోని అంగన్‌వాడీ టీచర్‌కు, మహిళా పోలీసుకు చెప్పండి. 18 నిండాక కూడా మీ సమ్మతి లేకుండా చేయడానికి వీల్లేదు. అయితే చట్టం దాకా వెళ్లకముందు, మీ నాన్నగారు మాట వినే పెద్దవారెవరో మీకు తెలుసు కదా, పిన్నిగారో మేనత్తగారో, వారి చేత జీఎన్‌ఎం సంగతి, వచ్చే మార్చి సంగతి ఒకసారి చెప్పించి చూడండి. మూడేళ్ల తర్వాత సొంత కాళ్ల మీద నిలబడే పిల్లకు సంబంధాలకు కొదవ ఉండదన్న మాట మీరు చెబితే వినరు, పెద్దవారు చెబితే వింటారు.

ప్రశ్న: మా బాబుకు 15 ఏళ్లు. పదో తరగతి గణితం సప్లిమెంటరీలోనూ తప్పాడు. మాది మత్స్యకార కుటుంబం. వాళ్ల మామ వేరావల్‌లో బోటు మీద పనిచేస్తాడు, తీసుకెళ్తానంటున్నాడు. పంపమంటారా?
— ఒక తల్లి, శ్రీకాకుళం జిల్లా

సమాధానం: అమ్మా, పంపవద్దు. మీ జిల్లా నుంచి గుజరాత్ బోట్ల మీదికి వెళ్లినవారు పడే కష్టాలు నాకంటే మీకే బాగా తెలుసు, 15 ఏళ్ల పిల్లవాడు నెలల తరబడి నడిసముద్రంలో ఉండవలసిన పని కాదది. ప్రమాదకరమైన పనుల్లో 18 ఏళ్ల లోపు వారిని పెట్టడాన్ని చట్టమూ ఒప్పుకోదు.

ఒక్క గణితమే కనుక వచ్చే మార్చిలో అది మాత్రమే రాస్తే చాలు, బడి ప్రధానోపాధ్యాయుడి ద్వారా సకాలంలో ఫీజు కట్టించండి. ఈ ఏడాది చేతిపని నేర్చుకోవాలనుకుంటే ఐటీఐలో వెల్డర్, వైర్‌మన్ ట్రేడులకు ఎనిమిదో తరగతి చాలు. వెల్డర్ ఒక్క ఏడాదే, తీరంలో ఆ పనికి ఎప్పుడూ గిరాకీ ఉంటుంది. అయినా పదో తరగతిని వదిలేయనివ్వకండి. పోస్టాఫీసులో గ్రామీణ డాక్ సేవక్ మొదలు చిన్న ప్రభుత్వ కొలువులకు అదే కనీస అర్హత.

సముద్రమే వాడి బతుకని మీ ఇంట్లో అనుకుంటే, దానికీ చదువు ఉంది. కృష్ణా జిల్లా భావదేవరపల్లిలోని మత్స్య పాలిటెక్నిక్‌లో పదో తరగతి తర్వాత రెండేళ్ల డిప్లొమా చదవవచ్చు. విశాఖపట్నంలో కేంద్ర ప్రభుత్వ మత్స్య నౌకా శిక్షణ సంస్థ సిఫ్‌నెట్ శాఖ ఉంది, అక్కడ వెసెల్ నేవిగేటర్, మెరైన్ ఫిట్టర్ అనే రెండేళ్ల కోర్సులు ఉన్నాయి. ఒకటి పడవ నడపడం గురించి, రెండోది దాని ఇంజిన్ గురించి. ఆ కోర్సు చదివినవాడు బోటు మీదికి కూలీగా కాక చదువుకున్న పనివాడిగా ఎక్కుతాడు. అయితే అక్కడ చేరడానికి పదో తరగతి పాసైతే సరిపోదు, గణితంలోనూ సైన్స్‌లోనూ 40 శాతం చొప్పున ఉండాలి. కాబట్టి మార్చిలో వాడు 35 కోసం కాకుండా 40 దాటేలా చదవాలని లెక్కల మాస్టారికి ఇప్పుడే చెప్పి ఉంచండి, సైన్స్ మార్కులు ఎన్ని వచ్చాయో కూడా ఒకసారి మెమోలో చూడండి.